చుక్కల చిట్టా

విజ్ఞానశాస్త్రపు శాఖలు చాలావాటిలో, జీతం మీద పరిశోధన చేసే శాస్త్రజ్ఞునికీ ఆసక్తి కొద్దీ ఆ శాస్త్రాన్ని అనుసరించే సామాన్యునికీ మధ్య దూరం గడచిన నూట యాభై ఏళ్లలో దాటరానిదిగా మారింది. ఖగోళశాస్త్రంలో అలా జరగలేదు. ఇంటి మేడ మీద నిలబడి చిన్న దూరదర్శినితో, కొన్నిసార్లు ఉత్త కంటితో, ఆకాశాన్ని గమనించే గుమస్తా, రైతు, ఉపాధ్యాయుడు రాసిపెట్టిన అంకెలు పరిశోధన పత్రాల్లో నేటికీ ఆధారాలుగా నిలుస్తున్నాయి. ఇందుకు కారణం చాలావరకు ఆకాశపు స్వభావంలోనే ఉంది. ఆకాశం విశాలమైనది; అందులోని మార్పులు కొన్ని గంటల్లో ముగిసేవి, కొన్ని తరాల తరబడి సాగేవి. పెద్ద వేధశాలల్లోని దూరదర్శినుల మీద పని చేసే అవకాశం శాస్త్రజ్ఞులకు ఏడాదిలో కొద్ది రాత్రులు మాత్రమే దొరుకుతుంది కనుక, ఒకే తారను ఏళ్ల తరబడి వదలకుండా చూసే పని ఎవరో ఒకరు తమ సొంత రాత్రులను వెచ్చించి చేయవలసి వచ్చింది. ఆ పనిని తలకెత్తుకున్న ఔత్సాహిక ఖగోళ పరిశీలకులు ఏం చూశారు, ఎలా చూశారు, చూసినదాన్ని ఒకరికొకరు ఎలా అందించుకున్నారు అన్నది ఈ ప్రసంగ విషయం.

ఔత్సాహికుల కృషి అనగానే సాధారణంగా తోకచుక్కల ఆవిష్కరణలు గుర్తుకు వస్తాయి. వాటికి ఖ్యాతి ఎక్కువ, ఎందుకంటే తోకచుక్కకు దాన్ని కనుగొన్నవారి పేరే పెడతారు. అయితే శాస్త్రానికి అంతకంటే లోతైన మేలు చేసిన పని చర తారల పరిశీలన. కాలంతో పాటు కాంతి హెచ్చుతగ్గులు పొందే తారను చర తార అంటారు. తిమింగిలం రాశిలోని మీరా అనే తార మార్పును 1596లో డేవిడ్ ఫాబ్రిషియస్ అనే మతగురువు మొదట గమనించాడు. అది సుమారు 11 నెలలకు ఒకసారి ఉత్త కంటికి స్పష్టంగా కనిపించేంత వెలుగుకు వచ్చి, తిరిగి దూరదర్శిని లేకుండా కనిపించనంతగా మసకబారుతుంది. అలాంటి తారలు మరికొన్ని ఉన్నాయన్న సంగతి నెమ్మదిగా తెలియవచ్చినా, వాటి మార్పులకు లెక్క ఉందని, ఆ లెక్క వెనుక కారణం ఉందని చూపినవారు ఇంగ్లండులోని యార్క్ నగరానికి చెందిన ఇద్దరు మిత్రులు.

వారిలో జాన్ గుడ్‌రిక్ చిన్ననాటనే వినికిడి కోల్పోయిన యువకుడు; ఎడ్వర్డ్ పిగాట్ ఆయన కంటే పదేళ్లకు పైగా పెద్దవాడు, తండ్రి ఏర్పరచిన సొంత వేధశాలలో పని నేర్చుకున్నవాడు. 1782 నవంబరులో గుడ్‌రిక్ పర్సియస్ రాశిలోని అల్గోల్ అనే తార ఉన్నట్టుండి మసకబారడం చూశాడు. ఇద్దరూ వేర్వేరుగా చూసి, చూసినదాన్ని ఒకరికొకరు తెలియజేసుకుంటూ, ఆ తార 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి తప్పకుండా మసకబారుతుందని నిర్ధారించారు. 1783లో రాయల్ సొసైటీకి సమర్పించిన వివరణలో, ఆ తార చుట్టూ తిరిగే చీకటి గోళం ఏదో దానికి అడ్డు వస్తూ ఉండవచ్చునని గుడ్‌రిక్ సూచించాడు. రెండు తారలు ఒకదానినొకటి గ్రహణం పట్టించే ఇలాంటి జంటల విషయంలో ఆ ఊహ సరైనదేనని రుజువు కావడానికి మరో వందేళ్లు పట్టింది. 1784 శరత్తులో పిగాట్ శ్రవణానికి దగ్గరలోని ఈటా ఆక్విలే తార మార్పునూ, కొద్ది వారాల తేడాతో గుడ్‌రిక్ డెల్టా సెఫై తార మార్పునూ కనుగొన్నారు. రెండేళ్లు తిరగకుండానే, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, గుడ్‌రిక్ మరణించాడు.

డెల్టా సెఫై మార్పు గ్రహణం వల్ల వచ్చేది కాదు. ఆ తార స్వయంగా ఉబ్బుతూ కుంచించుకుపోతూ, సుమారు 5 రోజుల 9 గంటలకు ఒక ఆవృత్తిని పూర్తి చేస్తుంది. ఈ జాతి తారలకు సెఫీడులు అని పేరు వచ్చింది. హార్వర్డ్ వేధశాలలో పనిచేసిన హెన్రియెటా లెవిట్, ఈ సెఫీడుల్లో ఆవృత్తి ఎంత పొడవైతే తార అసలు కాంతి అంత ఎక్కువగా ఉంటుందని 1912లో చూపింది. ఆ సంబంధం తెలిసిన తరువాత, ఒక సెఫీడు ఎన్ని రోజులకు వెలిగి మసకబారుతున్నదో కొలిస్తే దాని అసలు కాంతి తెలుస్తుంది, కంటికి కనిపించే కాంతితో దాన్ని పోలిస్తే దూరం తెలుస్తుంది. ఎడ్విన్ హబుల్ 1923లో ఆండ్రోమెడా నీహారికలో సెఫీడును గుర్తించి, అది పాలపుంతకు వెలుపల ఉన్న వేరొక గెలాక్సీ అని తేల్చింది ఈ కొలతతోనే. జీతమూ పదవీ లేని ఇద్దరు మిత్రులు తెరచిన దారి ఇంత దూరం సాగిందన్నది ఖగోళశాస్త్ర చరిత్రలో మరింత తరచుగా చెప్పుకోవలసిన సంగతి.

చర తార పరిశీలనకు కావలసిన పద్ధతి తేలికైనదే కాని, దానికి అడుగున ఉన్న కొలమానాన్ని ముందు అర్థం చేసుకోవాలి. తార కనిపించే వెలుగును ప్రకాశ తరగతి అనే అంకెతో చెబుతారు. అంకె పెరిగినకొద్దీ వెలుగు తగ్గుతుంది. ఐదు తరగతుల తేడా అంటే వెలుగులో సరిగ్గా నూరు రెట్ల తేడా అని, అంటే ఒక్కొక్క తరగతికి సుమారు 2.512 రెట్లు అని, 1856లో నిర్ణయించినవాడు నార్మన్ పాగ్సన్. ఆయన 1861 నుంచి 1891లో మరణించేవరకు మద్రాసు వేధశాలకు అధిపతిగా ఉన్నాడు. ఆ వేధశాలలోనే సహాయకుడిగా పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఆర్ రెటిక్యులై అనే చర తారను కనుగొన్నాడు. నేడు ప్రపంచమంతటా పరిశీలకులు వాడే కొలబద్దకు రూపమిచ్చిన వ్యక్తి తన జీవితంలో ముప్ఫై ఏళ్లు దక్షిణ భారతదేశంలో గడిపాడన్నది ఇక్కడి పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకవలసిన విషయం.

ఈ కొలమానాన్ని ఆధారం చేసుకుని పరిశీలకుడు చేసే పని పోలిక. చర తార చుట్టుపక్కల, వెలుగు మారని తారలు కొన్నింటి తరగతులను ముందే కొలిచి పటం మీద గుర్తించి ఉంచుతారు. చర తార 7.2 తరగతి తార కంటే కొంచెం మసకగా, 7.8 తరగతి తార కంటే వెలుగుగా ఉండి, ఆ రెండింటి మధ్య మూడో వంతు దూరంలో ఉన్నట్లు తోస్తే, పరిశీలకుడు 7.4 అని రాస్తాడు. తేదీ, సమయం, పోల్చిన తారలు, ఆకాశపు స్థితి, తన గుర్తు అక్షరాలు దాని పక్కన చేరుస్తాడు. ఒక్కరి అంచనాలో ఒక తరగతిలో రెండు మూడు పదో వంతుల తప్పు ఉండవచ్చు. వేర్వేరు దేశాల నుంచి అనేకుల అంచనాలు ఒకచోట చేరినప్పుడు ఆ తప్పులు చాలావరకు ఒకదానినొకటి సరిదిద్దుకుంటాయి. అందుకోసం ఒక నియమం తప్పనిసరి: కిందటి రాత్రి తాను రాసిన అంకెను గాని, ఇతరులు పంపిన అంకెను గాని చూడకుండా అంచనా వేయాలి. తార ఇంత ఉండాలన్న ఊహ మనసులో పడితే కన్ను ఆ ఊహవైపు మొగ్గుతుంది. చూసేటప్పుడు ఒంటరిగా ఉండి, చూసిన తరువాత మాత్రమే అందరితో కలిసే ఈ క్రమశిక్షణే ఔత్సాహికుల నమోదులకు విలువ తెచ్చింది.

ఈ నమోదులను ఒకచోట కూర్చే పని 1911లో అమెరికా చరతారా పరిశీలకుల సంఘం స్థాపనతో స్థిరపడింది. హార్వర్డ్ వేధశాల అధిపతి ఎడ్వర్డ్ పికరింగ్ ప్రోత్సాహంతో దాన్ని ఏర్పరచినవాడు విలియం టైలర్ ఆల్కాట్. ఆయన చదివినది న్యాయశాస్త్రం. వేర్వేరు దేశాల కాలమానాలు ఒకదానితో ఒకటి కలవవు కనుక, సంఘం జూలియన్ దినసంఖ్యను వాడుతుంది. క్రీస్తుపూర్వం 4713 జనవరి 1 మధ్యాహ్నం నుంచి రోజులను తెగకుండా లెక్కించే పద్ధతి అది. అందులో రోజు మారేది గ్రీనిచ్ మధ్యాహ్నం వేళ, అంటే భారతదేశంలో సాయంత్రం ఐదున్నరకు. కాబట్టి ఇక్కడి పరిశీలకుని రాత్రి నడుమ తేదీ మారే చిక్కు ఉండదు, సాయంసంధ్య నుంచి తెల్లవారుజాము వరకు ఒకే దినసంఖ్య నడుస్తుంది.

ఆ సంఘానికి భారతదేశం నుంచి నమోదులు పంపినవారిలో రాధాగోబింద చంద్ర పేరు ముందుగా చెప్పదగినది. 1878లో నేటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్ ప్రాంతంలో జన్మించిన ఆయన ప్రవేశ పరీక్ష దాటలేక, కలెక్టరు కచేరీ ఖజానాలో చిన్న ఉద్యోగంలో చేరాడు. 1910లో హేలీ తోకచుక్కను బైనాక్యులర్స్‌తో శ్రద్ధగా గమనించాడు. 1912లో ఇంగ్లండు నుంచి 3 అంగుళాల దూరదర్శిని తెప్పించుకున్నాడు. 1918 జూన్‌లో గరుడ రాశిలో కొత్తగా వెలిగిన నోవాను చూసి హార్వర్డ్‌కు తెలియజేయడంతో ఆయనకు ఆ సంఘంతో సంబంధం ఏర్పడింది. నోవా అంటే అంతకుముందు కనిపించని చోట హఠాత్తుగా వెలిగే తార. ఆయన నమోదుల నాణ్యతను గుర్తించిన సంఘం 1926లో చార్లెస్ ఎల్మర్ అనే సభ్యుని 6 అంగుళాల దూరదర్శినిని సముద్రం దాటించి ఆయనకు పంపింది. 1954 నాటికి ఆయన పంపిన చర తారల అంచనాలు 37,215. దేశవిభజన తరువాత కలకత్తా సమీపంలోని బారాసత్‌లో స్థిరపడి, 1975లో మరణించాడు. పగలు ఖజానా లెక్కలు చూసిన మనిషి రాత్రి అదే నిష్ఠతో చుక్కల లెక్క రాశాడు. ఆయన పని ముగిసిన తరువాత ఆ దూరదర్శిని మూలపడలేదు. ఖగోళశాస్త్రజ్ఞుడు వైను బప్పు చేతికి చేరింది.

చంద్రకు సమకాలికుడైన లెస్లీ పెల్టియర్ అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, డెల్ఫోస్ ఊరి దగ్గరి రైతుబిడ్డ. పదహారేళ్ల వయసులో, 900 క్వార్టుల స్ట్రాబెర్రీ పండ్లను క్వార్టుకు 2 సెంట్ల కూలికి కోసి, వచ్చిన 18 డాలర్లతో 2 అంగుళాల దూరదర్శిని కొనుక్కున్నాడు. 1918 నుంచి 1980లో మరణించేవరకు నెలనెలా నివేదిక పంపడం మానలేదు. అంచనాల సంఖ్య 1,32,000 దాటింది. ఆయనకూ తరువాతి కాలంలో ఇతరుల దూరదర్శినే అక్కరకు వచ్చింది: ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం తోకచుక్కలను వెదికే 6 అంగుళాల సాధనాన్ని ఆయనకు ఇచ్చింది.

పెల్టియర్ ఏళ్ల తరబడి కాపలా కాసిన తారల్లో ఒకటి ఉత్తర కిరీటం రాశిలోని టీ కరోనే బొరియాలిస్. ఇందులో నిజానికి రెండు తారలున్నాయి. ఒకటి బాగా ఉబ్బిన అరుణ మహాతార. రెండోది శ్వేత కుబ్జ, అంటే ఇంధనం అయిపోయి భూమి అంత పరిమాణానికి కుంచించుకుపోయిన తార. మహాతార నుంచి జారిపడే వాయువు శ్వేత కుబ్జ ఉపరితలం మీద పేరుకుని, సుమారు 80 ఏళ్లకు ఒకసారి అణుచర్యలతో భగ్గుమంటుంది. మామూలుగా 10వ తరగతిలో ఉండే తార అప్పుడు 2వ తరగతికి, అంటే ధ్రువ నక్షత్రమంత వెలుగుకు ఎగబాకుతుంది. 1866లో ఐర్లండులోని జాన్ బర్మింగ్‌హామ్ అనే ఔత్సాహికుడు దాన్ని మొదట చూశాడు. రెండో విస్ఫోటనం 1946 ఫిబ్రవరిలో జరిగింది. ఇరవై అయిదేళ్లుగా ఆ తారను విడవకుండా చూస్తున్న పెల్టియర్ ఆ రాత్రి రెండున్నరకు లేచి, జలుబు చేస్తున్నట్లు తోచి మళ్లీ పడుకున్నాడు. ఆ రాత్రే తార వెలిగింది.

ఈ ఉదంతాన్ని దురదృష్టానికి ఉదాహరణగా చెప్పడం పరిపాటి. అది సగం మాత్రమే. విస్ఫోటనాన్ని మొదట చూసినవారెవరన్నది ఇప్పుడు చరిత్రకారులకు తప్ప పెద్దగా పట్టదు. కాని 1945లో, విస్ఫోటనానికి సుమారు ఏడాది ముందు, ఆ తార మామూలు కంటే కాస్త మసకబారిందన్న సంగతి తెలిసింది పెల్టియర్, ఆయన తోటివారు రాసిన, ఆనాడు ఏ విశేషమూ లేనట్లు కనిపించిన అంకెల వల్లనే. 2023లో తార మళ్లీ అలాగే మసకబారినప్పుడు, మూడో విస్ఫోటనం దగ్గరపడి ఉండవచ్చునని శాస్త్రజ్ఞులు అనుకోవడానికి పోలికగా నిలిచినవి ఆ పాత చిట్టాలే. ఏమీ జరగని రాత్రుల నమోదుకు ఉన్న విలువ ఇది. తార కనిపించకపోతే, దగ్గరలో కనిపించిన అతి మసక తార తరగతిని గుర్తించి, చర తార దానికంటే తక్కువ వెలుగుతో ఉందని రాయడం కూడా పూర్తి నమోదే. కనిపించలేదు కదా అని పేజీ ఖాళీగా వదిలేస్తే, తరువాతి కాలంవారికి ఆ రాత్రి ఎవరూ చూడలేదో, చూసినా తార లేదో తెలియకుండా పోతుంది.

ఇక సాధనం విషయానికి వస్తే, దూరదర్శిని ముఖ్యమైన పని వస్తువును పెద్దదిగా చూపడం అనే అపోహ తొలగిపోవాలి. దాని మొదటి పని వెలుగును పోగుచేయడం. చీకట్లో పూర్తిగా విప్పారిన కంటిపాప వ్యాసం సుమారు 7 మిల్లీమీటర్లు. 150 మిల్లీమీటర్ల అద్దం దానికి 450 రెట్లకు పైగా కాంతిని అందుకుంటుంది. ఎన్ని రెట్లు పెద్దదిగా కనిపిస్తుందన్నది ప్రధాన అద్దం నాభ్యంతరాన్ని, అంటే అద్దానికీ అది కాంతిని కూర్చే బిందువుకీ మధ్య దూరాన్ని, కన్ను పెట్టే చోట ఉండే చిన్న కటకపు నాభ్యంతరంతో భాగిస్తే వస్తుంది. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల అద్దంతో 25 మిల్లీమీటర్ల కటకం వాడితే 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది వాడితే 120 రెట్లు. అద్దపు వ్యాసం మిల్లీమీటరుకు రెండు రెట్లు దాటితే బొమ్మ పెరిగేది మసకతోనే. ఆ హద్దు కూడా గాలి నిలకడగా ఉన్న రాత్రులకే వర్తిస్తుంది. పెట్టె మీద 500 రెట్లని అచ్చువేసిన చిన్న బొమ్మ దూరదర్శినులు ఎందరో పిల్లల ఆసక్తిని మొదటి రాత్రే ఆర్పేస్తున్నాయి. ఆ డబ్బుకు మంచి 10×50 బైనాక్యులర్స్, అంటే 10 రెట్లు పెద్దదిగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాలున్నవి, కొనడం మేలని అనుభవజ్ఞులు చెప్పే మాట అక్షరాలా నిజం.

దూరదర్శిని అద్దాన్ని స్వయంగా అరగదీసుకునే సంప్రదాయం విలియం హెర్షెల్ నాటిది; 1781లో ఆయన యురేనస్‌ను కనుగొన్నది తాను తయారు చేసుకున్న సాధనంతోనే. రెండు గుండ్రని గాజు బిళ్లల మధ్య కార్బొరండం పొడి, నీరు వేసి పైదాన్ని ముందుకు వెనక్కు తోస్తూ, కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే పైబిళ్ల మధ్యలో గుంట పడుతుంది, కిందిది ఉబ్బుగా మారుతుంది. పొడిని మరింత సన్నం చేస్తూ వెళ్లి, చివరకు తారువంటి మెత్తని పొర మీద సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెడతారు. అప్పటికి గోళాకారంలో ఉన్న గుంటను పరవలయ ఆకారంలోకి, అంటే దూరపు కాంతినంతటినీ ఒకే బిందువుకు చేర్చే వంపులోకి, మార్చాలి. 6 అంగుళాల వ్యాసం, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల అద్దంలో ఆ రెండు ఆకారాల మధ్య తేడా మైక్రోమీటరులో మూడో వంతు కూడా లేదు. ఉపరితలంలోని తప్పు వెంట్రుక మందంలో వెయ్యో వంతు లోపల ఉంటేనే అద్దం చక్కనిదవుతుంది. ఇంత సూక్ష్మమైన తేడాను ఒక చిన్న దీపం, ఒక కత్తి అంచుతో పట్టుకునే పరీక్షను లియాన్ ఫూకో 1858లో రూపొందించాడు, కనుకనే ఇంటి వరండాలో ఈ పని సాధ్యమైంది. చేతుల పనిగా ఇంతటి ఖచ్చితత్వాన్ని సామాన్యులకు అందుబాటులోకి తెచ్చిన విద్యలు అరుదు.

ఆ విద్యను వీధిలోకి తెచ్చినవాడు జాన్ డాబ్సన్. 1915లో బీజింగులో జన్మించి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని రామకృష్ణ సంప్రదాయపు వేదాంత మఠంలో చేరి, 1967 వరకు సన్యాసిగా ఉన్న ఆయన, పాత ఓడల కిటికీ గాజుతో అద్దాలు చేసి, ప్లైవుడ్ పెట్టె మీద తేలికగా తిరిగే పీఠాన్ని అమర్చాడు. పైకీ కిందకీ, పక్కలకూ మాత్రమే కదిలే ఆ పీఠం మీద నిలిపిన పెద్ద అద్దపు దూరదర్శినులను ఇప్పుడు డాబ్సోనియన్ అంటారు. 1968 నుంచి ఆయనా, ఆయన మిత్రులూ నగరపు కాలిబాటల మీద దూరదర్శిని నిలిపి దారినపోయేవారిని పిలిచి చంద్రుణ్ణి, శనిని చూపించారు. ఔత్సాహికుల చరిత్రలో ఇది రెండో రకం పంపకం: నమోదును సంఘానికి ఇవ్వడం ఒకటైతే, సాధనం ముందు తన చోటును అపరిచితునికి ఇవ్వడం మరొకటి.

సాధనం ఎంత మంచిదైనా చూసేది కన్నే కనుక, కంటికి శిక్షణ కావాలి. వెలుతురు నుంచి చీకట్లోకి వచ్చినప్పుడు కంటిపాప కొద్ది నిమిషాల్లోనే విప్పారుతుంది, కాని రెటీనాలోని దండ కణాల్లో రొడాప్సిన్ అనే రసాయనం పూర్తిగా తిరిగి ఏర్పడటానికి అరగంట, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఒక్క తెల్లని ఫోను వెలుతురు ఆ అరగంటనూ వృథా చేస్తుంది. దండ కణాలు ఎరుపు వెలుగుకు అంతగా స్పందించవు కాబట్టే పటం చదవడానికి మసక ఎర్ర దీపం వాడతారు. కంటి నడిమి భాగంలో దండ కణాలు లేనందువల్ల, మసక నీహారికను సూటిగా చూస్తే మాయమై, ఓరచూపుతో చూస్తే తేలివస్తుంది. ఈ మెలకువలను పుస్తకాలు చెబుతాయి. అయినా పక్కన నిలబడిన అనుభవజ్ఞుడు కాస్త ఎడమకు చూడు, ఊపిరి బిగబట్టకు అని చెప్పినప్పుడే అవి కంటికి ఎక్కుతాయి. కొన్ని నెలల సాధన తరువాత, మొదటి రాత్రి బూడిదరంగు మరకగా కనిపించిన గెలాక్సీలోనే చేతులు, నల్లని చారలు విడివడతాయి.

తెలుగు ప్రాంతాలకు ఈ చరిత్రలో సొంత స్థానం ఉంది. మద్రాసు వేధశాలలో టి. జి. టేలర్ దగ్గర ఖగోళవిద్య నేర్చిన జమీందారు గొడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలోని తన నివాసంలో సొంత వేధశాల ఏర్పరచాడు. 1856లో ఆయన మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నిలబెట్టి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని పరిశీలించి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి అందజేశాడు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో గ్రబ్ సంస్థ తయారుచేసిన 15 అంగుళాల దూరదర్శిని కొని ఫిసల్‌బండలో నెలకొల్పాడు. 1907లో ఆయన మరణించాక నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. ఒక ధనికుని ఆసక్తి ఇలా నిజామియా వేధశాలగా మారి, ఆకాశమంతటి తారల పట్టికను తయారు చేసే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకుంది. ఆ వేధశాల ఉద్యోగి కుమారుడే వైను బప్పు. నిజాం కళాశాలలో చదువుకున్న ఆయన చర తారల పరిశీలనతోనే ఈ రంగంలో అడుగుపెట్టి, తరువాత తమిళనాడులోని కావలూరు వేధశాలను నిర్మించాడు. చంద్ర వాడిన ఎల్మర్ దూరదర్శిని ఎవరి చేతికి చేరాలో వారి చేతికే చేరింది.

భౌగోళికంగా కూడా ఈ ప్రాంతం పరిశీలకునికి అనుకూలమైనదే. హైదరాబాదు, విశాఖపట్నం రెండూ ఉత్తర అక్షాంశం 17, 18 డిగ్రీల మధ్య ఉన్నందున ధ్రువ నక్షత్రం ఉత్తరాన కొద్ది ఎత్తులోనే ఉండి, దక్షిణాకాశం చాలావరకు తెరచుకుంటుంది. ఐరోపాలో ఎక్కువ భాగానికి కనిపించని అగస్త్య నక్షత్రం, ఒమేగా సెంటారి అనే గోళాకార తారాగుచ్ఛం ఇక్కడ చక్కగా పైకి వస్తాయి. ఉత్తర కిరీటం వేసవి రాత్రుల్లో, స్వాతికీ అభిజిత్తుకీ మధ్య, దాదాపు నడినెత్తి మీదకు చేరుతుంది. వానాకాలం నాలుగు నెలలూ నమోదులకు గండి పడుతుంది. ఆ గండిని వాన లేని దేశాల్లోని పరిశీలకులు పూడుస్తారు. వానకు ముగింపు ఉంది గాని, నగరాల దీపకాంతికి లేదు. పాలపుంతను ఒక్కసారైనా చూడకుండా ఒక తరం పెరుగుతున్నది, ఇది నిజమైన నష్టం. 2022లో లడాఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించి, అక్కడి గ్రామస్థులకే దూరదర్శినులిచ్చి శిక్షణ ఇచ్చారు. అటువంటి ప్రయత్నం నల్లమల వంటి చోట్ల జరగడానికి అడ్డంకి ఏమీ కనిపించదు.

కెమెరాలు, స్వయంచాలక దూరదర్శినులు వచ్చాక కంటితో చేసే అంచనాకు కాలం చెల్లిందన్న వాదన ఉంది. చిలీలోని వెరా రూబిన్ వేధశాల వంటివి కొద్ది రాత్రులకొకసారి దక్షిణాకాశాన్నంతటినీ చిత్రిస్తాయన్నది నిజమే. అయితే మసక వస్తువుల కోసం నిర్మించిన ఆ కెమెరాల్లో ప్రకాశవంతమైన తారల కాంతి మితిమీరి కొలతకు అందదు. ఔత్సాహికులు కూడా ఇప్పుడు కెమెరాలతో తరగతిలో వందో వంతు వరకు కొలుస్తున్నారు. హబుల్ అంతరిక్ష దూరదర్శినితో హఠాత్తుగా భగ్గుమనే కొన్ని తారలను పరిశీలించినప్పుడు, అవి ఆ సమయంలో వెలిగి సున్నితమైన గ్రాహకాలను దెబ్బతీయకుండా ముందుగా కాపలా కాసి కబురు పంపింది ఔత్సాహికులే. 2019 చివర ఆర్ద్రా నక్షత్రం మసకబారడం మొదలై 2020 ఫిబ్రవరిలో 1.6 తరగతికి పడిపోయినప్పుడు, అది అసాధారణమైన మార్పు అని చెప్పగలిగింది ఆ తారకు నూరేళ్లుగా కంటి అంచనాలు ఉన్నందువల్ల. తార వెలువరించిన పదార్థం ధూళిమేఘంగా మారి వెలుగుకు అడ్డుపడటం, ఉపరితలం కొంత చల్లబడటం అందుకు కారణాలని తరువాతి పరిశోధనలు చూపాయి.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఆ ఆర్ద్రే తగిన తార. దానికి దూరదర్శిని అక్కరలేదు, నగరపు వెలుతురులోనూ కనిపిస్తుంది. ఫిబ్రవరి మధ్యలో రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో అది తెలుగు ప్రాంతాల్లో దాదాపు నడినెత్తిన ఉంటుంది. పడమటి వైపు 0.9 తరగతి రోహిణి, తూర్పు వైపు 0.4 తరగతి ప్రోసియాన్ ఇంచుమించు సమానమైన ఎత్తులో ఉంటాయి. ఎత్తులు సమానంగా ఉండటం అవసరం, ఎందుకంటే దిగువన ఉన్న తార వెలుగును గాలి ఎక్కువగా మింగుతుంది. ఎర్రని తారను ఎక్కువసేపు తేరిపార చూస్తే అది ఉన్నదానికంటే వెలుగుగా తోస్తుంది కనుక, మూడింటి మీద చూపును త్వరత్వరగా తిప్పుతూ పోల్చాలి. ఆర్ద్ర వెలుగు నెమ్మదిగా మారేది కాబట్టి వారానికి ఒక్క అంచనా చాలు. తేదీ, సమయం, పోల్చిన తారలు, అంచనా వేసిన తరగతి, మేఘం గాని వెన్నెల గాని ఉంటే ఆ సంగతి వెంటనే పుస్తకంలో రాసి, సంఘం ఉచితంగా ఇచ్చే గుర్తు అక్షరాలతో పంపితే, ఆ అంకె చంద్ర, పెల్టియర్ రాసిన అంకెలున్న పట్టికలోనే చేరుతుంది.